ఒకటికి అరవై

(జగదల్‌పూర్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. ఈ ఊళ్లో రైల్వే ఉద్యోగుల పిల్లలకూ, దుకాణదారుల పిల్లలకూ ఆయన తెలుగు అక్షరాలు దిద్దించారు. అక్షరాలతో పాటు ఇంకొకటి కూడా నేర్పారు. ఎదుటివాడి కంచంలోకి చూసి ముఖం చిట్లించకూడదు, అతను ఎందుకు తింటాడో, ఎందుకు తినడో అడిగి తెలుసుకోవాలి అనేవారు. నేటి నా ప్రసంగం ఆ మాటకు కట్టుబడి చేస్తున్నదే. యూదుల ఆహార ధర్మంలో ఒక చిన్న అధ్యాయాన్ని తీసుకున్నాను. మాంసమూ పాలూ పొరపాటున కలిసిపోతే ఏం చేయాలన్నది ఆ అధ్యాయం.

జగదల్‌పూర్‌లో ఈ విషయమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజానికి ఇంతకంటే తగిన ఊరు దొరకదు. ఓరుగల్లు నుంచి అన్నమదేవుడు వచ్చాడని చెప్పుకునే బస్తర్ రాజ్యం ఇది. బార్సూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలు మార్గం వేశాక మనవాళ్లు ఇంకా వచ్చారు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద తూర్పు బెంగాల్ కాందిశీకులూ ఈ ప్రాంతానికి వచ్చారు. ఉల్లిపాయ ముట్టని జైన వర్తకుడు, చేప లేనిదే ముద్ద దిగని బెంగాలీ, ఎర్ర చీమల చట్నీ నూరుకునే మురియా రైతు ఒకే సంతలో భుజం భుజం రాసుకుని తిరుగుతారు. ఎవరి వంటింటి నియమం వారిది. ఇన్ని నియమాలు పక్కపక్కనే బతికే ఊళ్లో మరో నియమాన్ని అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు.

ఒక్క ఆజ్ఞ, మూడు చోట్ల

ఈ ధర్మానికి మూలం బైబిలు పాత నిబంధనలో ఉంది. మేకపిల్లను దాని తల్లి పాలలో వండవద్దని నిర్గమకాండం 23, 34 అధ్యాయాల్లోనూ, ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలోనూ మూడుసార్లు వస్తుంది. ఎందుకని అక్కడ చెప్పలేదు. కారణాలు తర్వాతి వాళ్లు వెతికారు. తల్లి తన పిల్ల బతకడానికి ఇచ్చిన పాలను ఆ పిల్ల మాంసానికే మసాలా చేయడం క్రూరమని మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియా తత్త్వవేత్త ఫైలో రాశాడు. విగ్రహారాధకుల పండుగల్లో అలాంటి వంట ఉండేదేమోనని 12వ శతాబ్దంలో మైమోనిడిస్ ఊహించాడు.

ఫైలో చెప్పిన కారణం బస్తర్‌వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఇక్కడి ఆదివాసీ పల్లెల్లో చాలాచోట్ల ఆవును పితికే అలవాటు తరతరాలుగా లేదు. పాలు దూడవి, దూడే తాగాలి అన్నది పెద్దల మాట. ఎడారి అంచున గొర్రెలు కాచుకున్న జాతికీ, సాల వనాల్లో బతికిన జాతికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా పాలు ముందు ఎవరివన్న ప్రశ్న ఇద్దరికీ వచ్చింది.

అదే ఆజ్ఞ మూడుసార్లు ఎందుకు వచ్చిందని యూద ధర్మపండితులైన రబ్బీలు ఆలోచించి మూడు నిషేధాలు తేల్చారు. కలిపి వండకూడదు, కలిపి వండినది తినకూడదు, దానివల్ల ఏ లాభమూ పొందకూడదు. అలా వండినది అమ్ముకోవడానికి లేదు, కుక్కకు వేయడానికీ లేదు, పూడ్చిపెట్టాల్సిందే. ఆ తర్వాత కంచెకు బయట మరో కంచె కట్టారు. కోడి పాలివ్వదు కదా, అయినా చూసేవాళ్లు పొరబడతారని కోడి మాంసాన్నీ పాలతో తినడం మాన్పించారు. చేపను వదిలేశారు. మాంసం తిన్నాక పాల పదార్థానికి ఎంతసేపు ఆగాలన్న లెక్క వచ్చింది. చాలామంది ఆరు గంటలు, జర్మనీ యూదులు మూడు గంటలు, హాలండు యూదులు ఒక గంట ఆగుతారు. మాంసానికి వేరే గిన్నెలు, పాలకు వేరే గిన్నెలు, గరిటెలు వేరు, కత్తులు వేరు.

ఇంత కట్టుదిట్టం చూస్తే, ఒక్క చుక్క పడితే కుండంతా పారబోయాలేమో అనిపిస్తుంది. ఈ ధర్మం గొప్పతనం సరిగ్గా అక్కడే ఉంది. అడ్డుకోవాల్సినంత వరకు అడ్డుకుంది. పొరపాటు జరిగిపోయాక మాత్రం కంగారు పడకుండా కూర్చుని కొలిచింది.

పొయ్యి దగ్గర

ఒక వంటింటిని ఊహించండి. ఒక పొయ్యి మీద రెండు లీటర్ల మాంసం పులుసు ఉడుకుతోంది. పక్క పొయ్యి మీద పాలు పొంగాయి. అయిదు మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచాడు పాలు, ఎగిరి పులుసు గిన్నెలో పడ్డాయి. ఇప్పుడు ఆ కూర తినవచ్చా?

రబ్బీ మొదట అడిగేది పాలు ఎక్కడ పడ్డాయని. పులుసులో పడితే లెక్క తేలిక. కలవకూడనిదాని కంటే మిగతాది ఘనపరిమాణంలో అరవై రెట్లు ఉంటే రుచి పోయినట్టే, కూర తినవచ్చు. అయిదును అరవైతో హెచ్చవేస్తే మూడు వందలు. గిన్నెలో రెండు వేల మిల్లీలీటర్లు ఉంది కాబట్టి చింత లేదు. ఈ లెక్కలో మాంసం, పులుసు, కూరగాయలు, ఎముకలు అన్నీ కలుస్తాయి.

పాలు పులుసు పైకి తేలి ఉన్న ఒక ముక్క మీద పడితే కథ మారుతుంది. ముక్క యాభై మిల్లీలీటర్ల పరిమాణం అనుకుందాం. అది చెంచాడు పాలకు పది రెట్లే. పాలు పడిన క్షణంలో గరిటెతో గిన్నె కలియబెడుతూ ఉంటే ముక్కా పులుసూ ఒకటే, పాత లెక్కే చాలు. గరిటె ఆడకపోతే పాలన్నీ ఆ ముక్కలోకే దిగాయి. ఇక ఆ ముక్క మొత్తం నిషిద్ధమే అవుతుంది. తర్వాత అది పులుసులో మునిగితే, అరవై రెట్లు ఉండాల్సింది చెంచాడు పాలకు కాదు, ఆ ముక్క అంతటికీ. యాభైని అరవైతో హెచ్చవేస్తే మూడు వేలు. గిన్నెలో ఉన్నది రెండు వేలు. కూర పోయింది. అదే గిన్నె, అదే చెంచాడు పాలు. గరిటె కదులుతోందా లేదా అన్న ఒక్క తేడాతో తీర్పు తిరగబడింది.

రెండో ప్రశ్న వేడి గురించి. చల్లని పాలు చల్లని మాంసం మీద పడితే కడిగేస్తే సరి. వేడిది, చల్లనిది ఒకదాని మీద ఒకటి పడితే, కింద ఉన్నదే పైదాన్ని గెలుస్తుందన్నది వాళ్ల సూత్రం. వేడి పాలు చల్లని మాంసం మీద పడ్డాయనుకోండి, కింద ఉన్న చల్లదనం వేడిని చంపుతుంది, పైపొర చెక్కేస్తే చాలు. చల్లని పాలు ఉడుకుతున్న మాంసం మీద పడితే మాత్రం రెండూ వేడివన్నట్టే. వేడికి కొలత ఏమిటంటే, ముట్టుకుంటే చెయ్యి చప్పున వెనక్కి లాక్కోవాలి, అంత.

మూడో ప్రశ్న గిన్నెలది. పాల గరిటెను మరిచిపోయి మాంసం పులుసులో ముంచారు. ఆ గరిటెతో వేడి పాలు కలిపి ఇరవైనాలుగు గంటలు దాటిందా? దాటితే దానిలో ఇంకిన రుచి చెడిపోయినట్టు, కూరకు దోషం లేదు. దాటకపోతే గరిటె ఎంతవరకు మునిగిందో అంత భాగానికి అరవై రెట్లు కూర ఉండాలి. గరిటె లోహానిదైతే మరిగే నీళ్లలో ముంచి శుద్ధి చేయవచ్చు. మట్టి పాత్ర పీల్చుకున్నది వదలదు, పగలగొట్టాల్సిందే.

మినహాయింపులూ ఉన్నాయి. వెల్లుల్లి, ఉల్లి లాంటి ఘాటైనవి కత్తిలో ఎప్పుడో ఇంకిన రుచినీ లాక్కుంటాయి కాబట్టి అక్కడ ఇరవైనాలుగు గంటల వెసులుబాటు పని చేయదు. జున్నును తోడుపెట్టే పదార్థం నిషిద్ధమైనదైతే, వెయ్యిలో ఒక వంతే అయినా లెక్కకు వస్తుంది. అది కొంచెమే అయినా పదార్థానికి రూపం ఇచ్చింది కదా.

ఈ ప్రశ్నలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. సుమారు క్రీ.శ. 200 నాటి ధర్మసంకలనమైన మిష్నాలో హుల్లిన్ అనే గ్రంథం ఎనిమిదో అధ్యాయం మాంసం, పాల నిషేధంతో మొదలవుతుంది. ఆ తర్వాతి తాల్ముద్ గ్రంథం ఆ నియమాలను చర్చించింది. సఫేద్ పట్టణంలో యోసెఫ్ కారో సమకూర్చిన షుల్హన్ అరుఖ్ అనే ధర్మశాస్త్రం 1565లో వెనిస్‌లో అచ్చయింది. క్రాకో నగరపు రబ్బీ మోషే ఇస్సెర్లెస్ తూర్పు ఐరోపా ఆచారాలను దానికి జోడించాడు. ఇవాళ్టికీ సనాతన సంప్రదాయంలో రబ్బీ కావాలనుకునే విద్యార్థి పరీక్షకు ఈ అధ్యాయాలు చదవక తప్పదు.

అరవై ఎక్కడిది, నాలుక ఎవరిది

అరవై అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో, తనను దేవుడికి ప్రత్యేకించుకునే నాజీరు వ్రతం ముగించినవాడు ఒక పొట్టేలును వండాలి. దాని ముందుకాలి భాగం యాజకుడికే చెందుతుంది, వ్రతం చేసినవాడు తినకూడదు. అయినా రెండూ ఒకే పాత్రలో ఉడుకుతాయి. కాలి రుచి మిగతా మాంసంలోకి దిగుతుంది కదా, మరి ఎలా తింటున్నాడు? ఆ కాలికీ మిగతా పొట్టేలుకీ ఉన్న నిష్పత్తి నుంచి అరవై అని తేల్చారు. నూరు అన్నవాళ్లూ ఉన్నారు. అరవై నిలిచింది.

అంకె కంటే ముందు ఉన్నది రుచి. తాల్ముద్ చెప్పేదేమిటంటే, యూదుడు కాని వంటవాడిని పిలిచి రుచి చూపించాలి. ఇందులో పాల రుచి తగులుతోందా? లేదని అతనంటే తినవచ్చు. వృత్తిగా వంట చేసేవాడు తన పేరు పోగొట్టుకోడన్న నమ్మకం దీని వెనుక ఉంది. తన ఇంటి కూర తినవచ్చో లేదో తేల్చడానికి యూదుడు పరాయివాడి నాలుకను నమ్ముతున్నాడు. కారో ఈ పద్ధతిని షుల్హన్ అరుఖ్‌లో నిలబెట్టాడు. ఇస్సెర్లెస్ కాలానికి ఐరోపాలో ఆ నమ్మకం మానేసి అరవైనే పట్టుకున్నారు. ఈ ధర్మంలో వేరే అధ్యాయాలు కూడా ఉన్నాయి, వంట ఎవరు చేశారు, ద్రాక్షరసం ఎవరు ముట్టారు అని అడిగేవి. అది దాచి మాట్లాడటం న్యాయం కాదు. మాంసం, పాల అధ్యాయంలో మాత్రం అడిగేది వస్తువు గురించి, వేడి గురించి, రుచి గురించి. పాలు ఒలకబోసిన మనిషి గురించి కాదు.

మనిషి గురించి అడిగే ఒక సందర్భం ఉంది. అది ఉద్దేశం. పొరపాటున కలిస్తే అరవై రెట్ల లెక్క ఉపయోగపడుతుంది. ఆ లెక్కను ఆసరా చేసుకుని కావాలని కలిపితే కలిపినవాడు తినకూడదు, ఎవరి కోసం కలిపాడో వాళ్లూ తినకూడదు. మిగతావాళ్లు తినవచ్చు. ధర్మం ఇచ్చిన వెసులుబాటు ధర్మాన్ని మోసగించడానికి పనికిరాకూడదని ఈ కట్టుబాటు.

బీదతనాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. పెద్ద నష్టం అయ్యే చోట, బీదవాడి ఇంట్లో, విశ్రాంతి దినపు భోజనం చెడిపోయే చోట సందేహాస్పదమైన విషయాల్లో సడలింపు వైపు మొగ్గవచ్చని ఇస్సెర్లెస్ రాశాడు. సంపన్నుడికి ఒక కోడి పోతే ఒక పూట. వారమంతా కూడబెట్టి కొన్న కోడి పోతే ఆ ఇంట్లో పిల్లలు పస్తు. శాస్త్రం ఆ తేడా చూసింది.

కొత్తరెడ్డిపాలెం

ఈ అధ్యాయం మన తెలుగు నేల మీదకూ వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం అనే చిన్న సమాజం ఉంది. మాదిగ క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన వీళ్లు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రయీము సంతతి అని చెప్పుకుంటారు. షమూయేల్, సాదోక్ యాకోబి సోదరుల చొరవతో 1991లో అక్కడ సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, వెలిసింది. ఇజ్రాయెల్ వీళ్లను అధికారికంగా యూదులుగా గుర్తించలేదు. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అక్కడ పరిశోధన చేసి 2013లో ఆంధ్ర యూదుల మీద ఒక పుస్తకం ప్రచురించారు. గొడ్డు మాంసం తింటారని ఊరు తమను తక్కువ చేసింది, ఆ అలవాటే తమ ఇశ్రాయేలు వారసత్వానికి గుర్తు అని ఈ సమాజం చెప్పుకుంటుందని వాళ్లు రాశారు.

సినగాగు వెలిసిన 1991లోనే, ఆగస్టు 6న, అప్పుడు అదే జిల్లాలో ఉన్న చుండూరులో దళితులను ఊచకోత కోశారు. ఆ జిల్లాలో, ఆ కాలంలో, మనుషుల మధ్య అంటు ఎంత బలంగా ఉండేదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఒక తెలుగు ఇల్లు ఈ ధర్మం పాటించాలనుకుంటే ఏమవుతుందో చూడండి. మన భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది. మాంసం కూరతో మొదటి వాయి తిన్నాక చివర మజ్జిగ పోసుకోకుండా లేవాలంటే మన నాలుకకు ప్రాణం పోయినట్టే. యూద ధర్మంలో ఆ పెరుగు కోసం ఆరు గంటలు ఆగాలి. కోడిని పెరుగులో నానబెట్టడం కుదరదు. మాంసానికి నెయ్యి తిరగమోత కుదరదు. అయితే దారులూ ఉన్నాయి. పాలు ముందు తాగి, నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని తర్వాత మాంసం తినడం తేలిక. నూనె తిరగమోతకు అడ్డు లేదు. కొబ్బరి పాలు ఉండనే ఉన్నాయి.

కొచ్చిలోని యూదులు, కొంకణంలోని బెనె ఇజ్రాయెల్‌లు చేసింది అదే. మాంసం కూరకు చిక్కదనం కొబ్బరి పాలతో తెచ్చుకున్నారు. కొచ్చిలో పరదేశి సినగాగు కట్టింది 1568లో, షుల్హన్ అరుఖ్ అచ్చయిన మూడేళ్లకు. ఐరోపాలో ఇదే ప్రశ్న బాదం పాలకు వచ్చింది. బాదం పాలలో పశుమాంసం వండితే పక్కన కొన్ని బాదం పప్పులు పెట్టమన్నాడు ఇస్సెర్లెస్, చూసేవాళ్లు పొరబడకుండా. కొబ్బరి ముక్క పక్కన పెట్టుకుంటే కొచ్చి వంటింటికీ ఆయన తీర్పు చక్కగా సరిపోతుంది.

కొత్తరెడ్డిపాలెం మాదిగపల్లె గురించి నాకు చెప్పవలసింది ఒకటుంది. మన సమాజం వాళ్లను శతాబ్దాల పాటు చూసిన తీరుకు కొలత లేదు. నీడ పడితే మైల, గ్లాసు ముడితే మైల, బావి తాకితే మైల. ఆ మైలకు అరవై రెట్ల లెక్క లేదు, ఇరవైనాలుగు గంటల గడువు లేదు, వేడినీళ్ల శుద్ధి లేదు. ఆ మనుషులు ఇప్పుడు చేతిలోకి తీసుకున్న ధర్మంలో దోషం కూరలో ఉంటుంది, గరిటెలో ఉంటుంది, దాన్ని కొలవవచ్చు, కడగవచ్చు, గడువు దాటితే పోతుంది. పాలు ఒలికించిన ఆడమనిషిని ఆ శాస్త్రం ఒక్క మాట అనదు. వాళ్లు నిజంగా ఏ గోత్రం వాళ్లన్న చర్చ చరిత్రకారులు చేసుకుంటారు. నేను చూసేది ఆ కొలతను.

మనం తీసుకోవలసింది

యూద ధర్మం పాటించమని చెప్పడానికి నేను రాలేదు. నియమం ఎలా ఉండాలో ఆ వంటింటి నుంచి నేర్చుకోవచ్చని చెప్పడానికి వచ్చాను. నియమం గట్టిదై ఉండవచ్చు, రెండు కుండలు, రెండు గరిటెలు, ఆరు గంటలు, ఎంతైనా గట్టిదై ఉండవచ్చు. అయితే తప్పు జరిగాక అది నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎంత కలిసింది? ఎలా కలిసింది? కావాలని కలిపారా? పారబోస్తే ఎవరి పొట్ట మీద దెబ్బ పడుతుంది? ఈ నాలుగూ అడగకుండా తీర్పు చెప్పే ఆచారం ఎంత పాతదైనా దాన్ని ధర్మం అని నేను పిలవను.

మన ఇళ్లలో పొరపాటు జరిగినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. పండుగనాడు కోడలు ఏదో ముట్టుకుందని, పనమ్మాయి గిన్నె మార్చిందని, పక్కింటి పిల్లవాడు కంచం తాకాడని ఇల్లంతా రేగుతుంది. కూర సంగతి ఎవరూ అడగరు, అందరూ మనిషి మీదే పడతారు. ఆ తిట్లు తిన్న పిల్ల పెద్దదయ్యాక ఆ వంటింట్లోకి ఇష్టంగా అడుగు పెట్టదు. మన ఆచారాలు నిలవాలంటే ఆ పిల్ల ఇష్టంగా అడుగు పెట్టాలి.

మాస్టారి శిష్యులు ఈ సభలో చాలామంది ఉన్నారు. జగదల్‌పూర్‌లో మన తెలుగువాళ్ల కులసంఘాలూ, పూజా కమిటీలూ, సామూహిక భోజనాలూ మీ చేతుల మీదుగానే నడుస్తున్నాయి. మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి అన్నసంతర్పణలో ఎవరో ఏదో కలిపారని, ఎవరో ఎవరి పంక్తిలో కూర్చున్నారని గొడవ వస్తే, ముందు కొలవండి, తర్వాత అడగండి, ఆ తర్వాతే మాట్లాడండి. ఏది జరిగినా అక్కడ వడ్డిస్తున్న మనిషిని అవమానించకండి. మాస్టారి పేరున మనం చేయగలిగిన స్మరణ అంతకంటే పెద్దది లేదు.